ఏజెన్సీలో ఇల్లు: కొనుగోలుకు చట్టం లేదు, కిరాయికి కాగితం లేదు

నెలనెలా అద్దె కడుతూ పోవడమా, అప్పు చేసైనా సొంత ఇల్లు కొనుక్కోవడమా? ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఉద్యోగికి ఇది లెక్కల ప్రశ్న. 20 లక్షల రూపాయల గృహరుణం ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 17,350 రూపాయల వాయిదా పడుతుంది. అప్పు తీరేనాటికి కట్టింది 41 లక్షలు దాటుతుంది. అలాంటి ఇంటికే అద్దె ఎంత, అది ఏటా ఎంత పెరుగుతుంది, పిల్లల చదువులు ఎక్కడ అన్నవి కూడా కలుపుకుని ఒక ఆదివారం కూర్చుంటే ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. పర్ణశాలకు బదిలీ అయి వచ్చిన టీచరుకు గానీ, అక్కడ ఇరవై ఏళ్లుగా బొమ్మల దుకాణం పెట్టుకుని బతుకుతున్న చిన్న వ్యాపారికి గానీ ఈ లెక్క పనికిరాదు. వాళ్లు గిరిజనేతరులైతే అక్కడ ఇల్లు కొనలేరు. చేతిలో డబ్బున్నా కొనలేరు, చట్టం ఒప్పుకోదు.

పర్ణశాల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలో ఉంది. భద్రాచలం నుంచి ఎగువకు దాదాపు 35 కిలోమీటర్లు, గోదావరి ఎడమ ఒడ్డు. సీతారామలక్ష్మణులు వనవాసంలో ఇక్కడే ఉన్నారని భక్తుల నమ్మకం. భద్రాద్రి రాముణ్ణి చూసుకున్నవాళ్లు చాలామంది ఇక్కడికీ వచ్చి పోతారు. వాళ్లను నమ్ముకుని దుకాణాలు, హోటళ్లు, ఆటోలు నడుస్తాయి. చుట్టూ ఉన్నవి కోయ గూడేలు. ఇదంతా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ప్రాంతం. బడికి టీచరు, ఉపకేంద్రానికి ఏఎన్ఎం, బ్యాంకుకు క్లర్కు, కట్టడాలకు మేస్త్రీ ఇలా బయటినుంచి మనిషి రాక తప్పదు. వచ్చిన మనిషి ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు ప్రభుత్వం ఇన్నేళ్లలో సూటిగా సమాధానం చెప్పలేదు.

గిరిజనుల భూమికి చట్టం కాపలా ఈ ఒడ్డున నూరేళ్ల నాటిది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేవి. అందువల్ల మద్రాసు ప్రభుత్వం 1917లో తెచ్చిన ఏజెన్సీ భూబదలాయింపు చట్టం ఇక్కడా అమలైంది. షావుకారు అప్పుకింద పొలం రాయించుకోవడం, నాలుగు మానికల ఉప్పుకీ రెండు గజాల గుడ్డకీ నేల చేతులు మారడం ఆ చట్టానికి కారణం. అది చాలక 1959లో మొదటి రెగ్యులేషన్ వచ్చింది. అదీ చాలక 1970లో దాన్ని గట్టిచేశారు. జనం నోట నలిగే 'వన్ ఆఫ్ సెవెంటీ' అదే. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనుడి ఆస్తి గిరిజనేతరుడు కొనకూడదు. అంతటితో ఆగలేదు. ఒక గిరిజనేతరుడి ఇల్లు మరో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో స్థిరాస్తి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బరువు అతనిదే. అమ్ముకోదలిస్తే గిరిజనుడికే అమ్మాలి, కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవాలి. ఇది అన్యాయమని వాదిస్తూ వెళ్లినవాళ్లకు సుప్రీంకోర్టు 1988లో పి.రామిరెడ్డి కేసులో సమాధానం చెప్పింది. రెగ్యులేషన్ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది.

అయినా ఏజెన్సీలో ఇళ్ల క్రయవిక్రయాలు ఆగాయా? ఆగలేదు, రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కకుండా జరుగుతున్నాయి. ఆ పద్ధతి ఏజెన్సీలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాస్తారు. అందులో 'అమ్మకం' అన్న మాట ఒక్కోసారి ఉండదు. 'స్వాధీన ఒప్పందం' అనో 'చేబదులు' అనో ఉంటుంది. ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారు. ఎక్కడో ఒక నోటరీ ముద్ర పడుతుంది. ఆ తరువాత ఇంటిపన్ను రసీదు కొన్నవాడి పేరు మీదకు మారుతుంది, కరెంటు మీటరు మారుతుంది. ఆ రెండు కాగితాలనూ ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకుంటాడు. ఇంకొందరు నమ్మకస్తుడైన గిరిజనుడి పేరు మీద బినామీగా కొంటారు. గిరిజన మహిళను పెళ్లి చేసుకుని ఆమె పేరిట ఆస్తులు కూడబెట్టినవాళ్లూ ఉన్నారు. ఆమెకు ఆ ఆస్తి మీద ఎంత మాట చెల్లుతుందో చెప్పనక్కర్లేదు.

ఆ కవరులో ఉన్నది హక్కు కాదు. ఇంటిపన్ను కట్టడం యాజమాన్యానికి రుజువు కాదని ఏ వకీలైనా చెబుతాడు. ఎవరైనా ఫిర్యాదు చేసినా, అధికారి తనంతట తాను పట్టించుకున్నా భద్రాచలంలో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర భూబదలాయింపు రెగ్యులేషన్ (ఎల్టీఆర్) కేసు నడుస్తుంది. ఓడితే ఇల్లు పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి ఇప్పించమని అడగడానికి చెల్లే కాగితం ఉండదు. ఒకవేళ కేసు రాకపోయినా ఆ ఇంటి మీద బ్యాంకు గృహరుణం ఇవ్వదు. పిల్ల పెళ్లికో ఆస్పత్రికో తాకట్టు పెట్టుకుందామన్నా కుదరదు. జీతం నుంచి కూడబెట్టిన ఏడెనిమిది లక్షలు అలా తెల్లకాగితం మీద పోసేవాళ్లను ఆపవలసిన బాధ్యత మనందరిదీ. కొన్నవాడి నష్టం ఒక ఎత్తు. అలా గూడెంలో ఒక్కొక్క గడప చేతులు మారితే యాభై ఏళ్ల పోరాటం వల్ల నిలిచిన నేల చప్పుడు లేకుండా జారిపోవడం ఇంకో ఎత్తు. కాబట్టి ఏజెన్సీకి వచ్చే గిరిజనేతరుడికి ఈ వ్యాసం చెప్పే మాట ఒక్కటే: కొనవద్దు, అద్దెకుండండి.

అయితే అద్దెకుండటమైనా సాఫీగా ఉందా? ఇక్కడే అసలు చిక్కు. రెగ్యులేషన్‌లో 'బదలాయింపు' అన్నదానికి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైంది. అమ్మకం, దానం, మార్పిడి, తనఖాలతో పాటు లీజు కూడా అందులో ఉంది. వ్యవసాయ భూమిని కౌలు పేరుతో కాజేయకుండా ఆ మాట పెట్టారు, అది అవసరమే. కానీ రెండు గదుల పోర్షన్‌ను పదకొండు నెలలకు కిరాయికి ఇచ్చినా అక్షరాలా చదివితే ఆ నిర్వచనంలోకే వస్తుంది. అందుకే అద్దె ఒప్పందం రాసుకుందామంటే ఇంటివాళ్లు జంకుతారు. అంతా నోటిమాట మీద నడుస్తుంది. ఎంత అడ్వాన్సు తీసుకున్నారో రాతలో ఉండదు, ఖాళీ చేయమంటే ఎన్నాళ్లు గడువివ్వాలో ఉండదు. ఇంటద్దె భత్యం కోసం రసీదు అడిగితే ఇచ్చేవాళ్లు తక్కువ. 2021లో కేంద్రం మాదిరి అద్దె చట్టం తెచ్చి, నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని రాసింది. ఆ చట్టాన్ని స్వీకరించడం రాష్ట్రాల ఇష్టం. స్వీకరించినా, రాత ఒప్పందమే లేని చోట అది ఎవరిని కాపాడుతుంది?

దీని ఫలితం బడిలో కనిపిస్తుంది, ఆస్పత్రిలో కనిపిస్తుంది. గూడెంలో ఉండటానికి తగిన ఇల్లు దొరకని టీచరు భద్రాచలంలో కాపురం పెట్టి రోజూ రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు తిరుగుతుంది. సాయంత్రం బస్సు వేళకు బడి ముగియాలి. రాత్రి పురిటినొప్పులు వచ్చిన ఇల్లాలికి ఏఎన్ఎం ఊళ్లో ఉండదు. హెడ్‌క్వార్టర్‌లోనే ఉండాలని సర్క్యులర్లు పంపడం సులువు. ఉండటానికి ఇల్లు చూపించకుండా మెమోలు ఇస్తే పని జరగదు.

ఆ భద్రాచలంలోనైనా చోటుందా? 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. పక్కనే ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు అవతలి రాష్ట్రానికి పోయాయి. ఊరు పెరగాలంటే ఓవైపు గోదావరి, మిగతా వైపులా పక్క రాష్ట్రం సరిహద్దు. అందులోనూ ఇది ఏజెన్సీ. ఉన్న కొద్ది ఇళ్లకే అందరూ పోటీ పడితే కిరాయి ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. శ్రీరామనవమికీ ముక్కోటికీ యాత్రికులకు గది ఇస్తే రెండు రోజుల్లో వచ్చేది నెల కిరాయితో పోటీపడుతుంది.

ప్రభుత్వమో కంపెనీయో కట్టి ఇచ్చే ఇళ్లు మనకు కొత్త కాదు. ఈ జిల్లాలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందులో మొదలైంది. సింగరేణి కార్మికుల తరాలు కంపెనీ క్వార్టర్లలోనే పుట్టి పెరిగాయి. పాల్వంచలో కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం క్వార్టర్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం కాలనీ, సారపాకలో పేపరు మిల్లు కాలనీ ఇదే పద్ధతి. సొంత ఇల్లు లేకుండానే వేలాది కుటుంబాలు పిల్లలను చదివించుకున్నాయి, పెళ్లిళ్లు చేశాయి. ఆ పద్ధతికి ఒక పెద్ద లోటు ఉన్నమాట నిజం. రిటైరైన రోజున క్వార్టర్ ఖాళీ చేయాలి, అప్పటికి బయట గూడు లేకపోతే మనిషి వీధిన పడతాడు. పని ఉన్నన్నాళ్లూ అద్దె ఇల్లు, చివరికి సొంత ఊళ్లో సొంత ఇల్లు అన్న ప్రణాళిక చిన్న వయసులోనే వేసుకున్నవాళ్లు గట్టెక్కారు. ఏజెన్సీకి వచ్చే ఉద్యోగికి కూడా అదే దారి. కొనుక్కోవాలన్న కోరిక ఉంటే మైదానంలో, చట్టం ఒప్పుకున్న చోట కొనుక్కోవాలి.

గిరిజన కుటుంబం సంగతి వేరు. ఆ నేల వాళ్లది, అక్కడ సొంత ఇల్లు వాళ్లకే ఉండాలి. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించారు. సొంత స్థలం ఉన్న పేదలకు ఐదు లక్షలు. బేస్‌మెంట్ పూర్తయితే లక్ష, మిగతాది గోడలు లేచాక, స్లాబు పడ్డాక, అన్నీ పూర్తయ్యాక విడతలుగా. మంచి పథకం, మొత్తమూ చిన్నది కాదు. కానీ మొదటి లక్ష రావాలంటే ముందు బేస్‌మెంట్ లేవాలి. పునాది తవ్వకానికి, రాయికి, సిమెంటుకు, మేస్త్రీ కూలికి మొదట పెట్టుబడి పెట్టేదెవరు? పత్తి, మిర్చి అమ్మిన డబ్బు చేతిలో ఉన్న కుటుంబం మొదలుపెడుతుంది. తునికాకు కూలి మీద బతికే కుటుంబం వడ్డీకి తెస్తుంది. 1917లో ఏ షావుకారు గుమ్మం నుంచి గిరిజనుణ్ణి కాపాడాలనుకున్నామో, ఇల్లు కట్టుకోమని చెప్పి మళ్లీ ఆ గుమ్మానికే పంపుతున్నాం. ఏజెన్సీ మండలాల్లో మొదటి విడతలో కొంతైనా పని మొదలుకాకముందే ఇవ్వాలి. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పూచీ ఉంటే ఇది అసాధ్యమేమీ కాదు.

ఇంటి రూపం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కోయ గూడెంలో ఇల్లంటే వెదురు తడికెలకు మట్టి మెత్తి పైన పెంకో తాటాకో కప్పినది. ముందు పందిరి, పక్కన కోళ్లగూడు, మేకల కొట్టం, ఇప్పపువ్వు ఆరబోసుకోవడానికి వాకిలి. మే నెలలో భద్రాచలం ఎండకు ఆ మట్టిగోడల నీడే ప్రాణం. నాలుగు వందల చదరపు అడుగుల స్లాబు ఇల్లు వానకు గట్టిది, పాముకూ తేలుకూ అడ్డం, సందేహం లేదు. కానీ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాక చాలాచోట్ల జరుగుతున్నది ఏమిటంటే, పక్కనే మళ్లీ ఒక తడికెల పాక లేస్తుంది. జనం వేసవిలో పాకలో, వానల్లో స్లాబు కింద పడుకుంటారు. పందిరికీ కొట్టానికీ చోటు వదిలే నమూనా ఒకటి గిరిజన సంక్షేమ ఇంజనీర్లు గీసి ఇవ్వాలి. ఏటి ఒడ్డు గూడేల్లో ఇంకో చూపు కూడా కావాలి. భద్రాచలం దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. ఆ గీతల కింద ఐదు లక్షల ఇల్లు కట్టడమంటే ఏటికి కట్టివ్వడమే.

గిరిజనుడు ఈ ఇంటిని బయటివాడికి అమ్ముకోలేడు కదా, అమ్మలేని ఆస్తి ఆస్తేనా అని కొందరు అడుగుతున్నారు. మార్కెట్‌లో ధర పలికితేనే ఇంటికి విలువ అన్న ఆలోచన అది. దాని పర్యవసానం చూడాలంటే బ్రిటన్‌ను చూడాలి. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1980లో చట్టం చేసి, మునిసిపల్ ఇళ్లలో అద్దెకున్నవాళ్లకు ఆ ఇళ్లను తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చింది. కొన్నవాళ్లు ఆ రోజు సంతోషించారు. సుమారు ఇరవై లక్షల ఇళ్లు ప్రజల చేతి నుంచి జారిపోయాయి, వాటి స్థానంలో అన్ని ఇళ్లు కట్టలేదు. అమ్మిన ఇళ్లలో చాలా భాగం తర్వాత ప్రైవేటు యజమానుల చేతికి చేరి ఎక్కువ అద్దెకు తిరిగి వచ్చాయి. స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కును రద్దు చేసుకున్నాయి. వియన్నా అటువైపు పోలేదు. తన అద్దె ఇళ్లను తానే ఉంచుకుంది. నేటికీ ఆ నగరంలో దాదాపు సగం మంది మునిసిపల్ ఇళ్లలోనో పరిమిత లాభపు సంఘాల ఇళ్లలోనో ఉంటున్నారు. వన్ ఆఫ్ సెవెంటీ మన ఏజెన్సీకి చేస్తున్న మేలు ఆ కోవలోదే. ఇల్లు వారసులకు దక్కుతుంది, వడ్డీ వ్యాపారికి దక్కదు. అవసరానికి గిరిజనుడు బ్యాంకుకు తనఖా పెట్టుకోవడానికి చట్టంలో దారి ఉంది, బాకీ తీరకపోతే వేలం మరో గిరిజనుడికే. అటవీ హక్కుల చట్టం కింద 2006 తర్వాత వచ్చిన పట్టాలదీ అదే తీరు. వారసత్వం ఉంది, అమ్మకం లేదు.

సొంత ఇల్లు ఇచ్చేస్తే అందరి సమస్యా తీరుతుందన్న నమ్మకం కూడా మన పాలకులను వదలలేదు. హైదరాబాద్ శివారు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఊళ్లో కూలి, ఊరవతల ఇల్లు. చాలామంది అక్కడికి మారలేకపోయారు, కొందరు అద్దెకిచ్చుకున్నారు. పని దగ్గర అద్దె ఇల్లే కావలసినవాడికి పనికి దూరంగా సొంత ఇల్లు ఇస్తే జరిగేది అదే. ఇందిరమ్మ పథకంలోనూ, అంతకు ముందు పథకాల్లోనూ గ్రామాల్లో అద్దె ఇల్లు అన్న పద్దే లేదు. కేంద్రం 2020లో తెచ్చిన చవక అద్దె ఇళ్ల పథకం నగరాలకే పరిమితమైంది.

ఏజెన్సీలో ప్రభుత్వమే అద్దె ఇళ్లు కట్టాలంటే సమతా తీర్పు అడ్డురాదా అని న్యాయం తెలిసినవాళ్లు అడుగుతారు. సరైన ప్రశ్నే. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు 1997 జూలైలో తేల్చింది. ప్రభుత్వ సంస్థలకూ, గిరిజన సహకార సంఘాలకూ ఆ తీర్పు దారి వదిలింది. కాబట్టి స్థలం, ఇల్లు రెండూ ఐటీడీఏ పేరనో గిరిజన మహిళా సంఘం పేరనో ఉండాలి. ఉద్యోగికి ఇచ్చేది ఆస్తి మీద ఏ హక్కూ పుట్టని నివాస అనుమతి మాత్రమే, కొలువు మారితే తాళం తిరిగి ఇచ్చేయాలి. గ్రామసభ తీర్మానం లేకుండా ఒక్క గది కూడా కట్టకూడదు, షెడ్యూల్డు ప్రాంత గ్రామసభలకు పీసా చట్టం ఇచ్చిన అధికారం అందుకే. ఇంటద్దె భత్యంగా ఇప్పుడు భద్రాచలంలోని ఇంటి యజమానులకు పోతున్న డబ్బు నెలనెలా పర్ణశాల మహిళా సంఘం ఖాతాలో పడుతుంది. ప్రైవేటు ఇళ్ల కిరాయికి కూడా ఒక చిన్న రెగ్యులేషన్ కావాలి. గది అద్దెను లీజు నిర్వచనం నుంచి వేరు చేసి, పదకొండు నెలలకు మించకుండా, పంచాయతీ రిజిస్టరులో నమోదు తప్పనిసరి చేయాలి. గిరిజన సలహా మండలిని సంప్రదించి గవర్నర్ అలాంటి రెగ్యులేషన్ చేయడానికి ఐదో షెడ్యూలులో అధికారం ఉంది. కిరాయి ముసుగులో అమ్మకాలు నడవకుండా అదే రిజిస్టరు కాపలా కాస్తుంది.

ఇంకా రెండు వర్గాలవాళ్లు మిగిలారు. ఒకరు తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న గిరిజనేతర పేదలు: చాకలి, మంగలి, పడవ నడిపేవాడు, దళిత కూలీ. సొంత స్థలం కాగితం చూపమంటే వీళ్లు చూపలేరు. వీళ్లను పెద్ద ఆక్రమణదారులతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. గ్రామసభ ఒప్పుకున్న మేరకు జీవితాంతం ఉండే నివాస అనుమతి ఆ ఐటీడీఏ ఇళ్లలో వీళ్లకు ముందు ఇవ్వాలి. రెండోవారు 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అడవిలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, కాబట్టి పట్టా రాదు. వాళ్లకు కొనుగోలూ లేదు, కిరాయీ లేదు. కూల్చడానికి వచ్చేవాళ్లు మాత్రం ఉన్నారు. కనీసం గుడిసె కూల్చేముందు మరో గూడు చూపించాలన్న నిబంధన రాష్ట్రం తనకు తాను పెట్టుకోవాలి.

ఇందిరమ్మ ఇళ్ల తరువాతి విడతకు జాబితాలు తయారయ్యేటప్పుడు ప్రతి ఏజెన్సీ మండలంలోనూ టీచర్లకు, ఆరోగ్య సిబ్బందికి, స్థలం లేని పేదలకు ఐటీడీఏ చేతిలో ఉండే అద్దె ఇళ్లకు ఒక వాటా తీసి పెట్టండని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. దుమ్ముగూడెం మండలంతో మొదలుపెట్టండి. ఇక పర్ణశాల, చర్ల, దుమ్ముగూడెంలో ఇల్లు చూసుకుంటున్న పాఠకులకు: ఎంత చవకగా వచ్చినా తెల్లకాగితం మీద బయానా ఇవ్వకండి.